పరదేశమున సహధర్మచారిణి ఉద్యోగయోగ్యత
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ఈ వేదికపై విపులముగా ప్రసంగించిరి. ఆ మూడింటికిని సంబంధించిన మఱియొక విషయమును మీ యెదుట నుంచదలచితిని. మన బాలికలు ఇంజనీరింగు, ఫార్మసీ, నర్సింగు మొదలగు విద్యలలో పట్టములు పొందుచున్నారు. పిమ్మట వారిలో పలువురను పరదేశమున నుద్యోగము చేయు వరులకిచ్చి పంపుచున్నాము. అచ్చట ఆ పట్టములు ఏమగుచున్నవి? సంబంధము కుదుర్చునప్పుడు వరుని జీతమెంతయో విచారింతుము. సొంత యిల్లు కలదా యని విచారింతుము. అతని వీసా ఏ తరగతిదో, ఆ తరగతి భార్యకు పని చేయు హక్కు నిచ్చునో లేదో విచారించువారు అరుదు. ప్రయాణమునకు ముందు ఈ సంగతి తెలిసికొన్న కుటుంబమునకును, దిగిన పిమ్మట తెలిసికొన్న కుటుంబమునకును అయిదాఱేండ్ల అంతరము కలుగుచున్నది.

మన తెలుగువారికి పరదేశయానము క్రొత్త గాదు. 1860 మొదలు 1911 వఱకు విశాఖపట్టణము, గంజాము మొదలగు మండలముల నుండి అనేకులు ఒడంబడిక కూలీలుగా నేటాలునకు పోయిరి. ఆ స్త్రీలు తమ పేరనే ఒడంబడిక కలిగి, పురుషుల కూలిలో సగమునకు పొలములలో పాటుపడిరి. నేటి మన ఆడబిడ్డ విమానమున పోవుచున్నది, చేత పట్టమున్నది. కాని పెక్కు సందర్భములలో ఆమెకు ఆ సగము కూలి తీసికొను హక్కైనను దిగిన నాడు లేదు. ఏలయన, ఆమె తన పేరున గాక భర్త పేరున ప్రవేశించుచున్నది.

మనవారు ఎక్కువగా పోవు అమెరికా సంయుక్తరాష్ట్రముల సంగతి మొదట చెప్పెదను. భర్త హెచ్-1బి వీసాపై నున్న యెడల భార్యకు హెచ్-4 వచ్చును. హెచ్-4 గలవారు చదువుకొనవచ్చును; జీతము తీసికొనరాదు. 2015 మే 26 నుండి అమలునకు వచ్చిన నిబంధనచే వీరిలో కొందఱికి పని చేయుటకు అనుమతిపత్రము లభించుచున్నది. భర్తకు శాశ్వతనివాసము కొఱకు యజమాని వేసిన ఐ-140 అర్జీ మంజూరై యుండవలెను. లేదా శాశ్వతనివాసపు ప్రయత్నము సాగుచున్నందున ఆతని హెచ్-1బికి ఆరేండ్ల పరిమితి దాటి పొడిగింపు లభించి యుండవలెను. కావున వరుని యడుగవలసిన ప్రశ్న యొకటే: "నాయనా, నీ ఐ-140 మంజూరైనదా? కానిచో నీ యజమాని ఆ ప్రయత్నము నెప్పుడు మొదలిడును?" ఈ ప్రశ్నలో మర్యాదాలోపము లేదు. జీతము నడుగుటకంటె ఇది సభ్యమైనది.

ఈ నిబంధనపై న్యాయస్థానములలో పెక్కేండ్లు వ్యాజ్యము నడచినది. 2024 ఆగస్టున వాషింగ్టనులోని అప్పీలు న్యాయస్థానము దానిని నిలిపినది. 2025 అక్టోబరున సుప్రీముకోర్టు ఆ తీర్పుపై విచారణకు నిరాకరించినది. హక్కు నిలిచినది గాని అది నిబంధనచే వచ్చినదే. ప్రభుత్వము తలచినచో మార్చవచ్చును. మఱియు, 2025 అక్టోబరు 30 నుండి వేసిన పునరుద్ధరణ అర్జీలకు, పాత పత్రము గడువు తనంత తాను పొడిగింపబడు సౌకర్యము సామాన్యముగా తొలగింపబడినది. గడువునకు 180 దినములకు ముందే అర్జీ వేయవచ్చును గనుక ఆలసింపక వేయవలెను. లేనిచో మంచి యుద్యోగము నడుమ తెగిపోవును.

భర్తను అతని కంపెనీయే తన శాఖకు బదిలీ చేసి ఎల్-1పై పంపిన యెడల, భార్యకు వచ్చునది ఎల్-2. ఈ తరగతివారికి 2021 నవంబరు నుండి ఆ హోదాతోడనే పని చేయు హక్కు కలదని ప్రభుత్వము అంగీకరించినది. ప్రవేశపత్రముపై ఎల్-2ఎస్ అను గుర్తు చాలును. ఇద్దఱు అన్నదమ్ముల భార్యలు ఒకే విమానమున దిగినను, ఒకతె మఱునాడే పనిలో చేరవచ్చును, మఱియొకతె ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చును. తేడా వారి చదువులో లేదు, భర్తల వీసా తరగతిలో నున్నది.

ఇతర దేశముల తీరు వేఱు. బ్రిటనులో స్కిల్డ్ వర్కర్ వీసా గలవారి సహచరులకు దాదాపు అన్ని పనులును చేయు హక్కు కలదు. అయితే వృద్ధుల, రోగుల పరిచర్యపనులకు క్రొత్తగా పోయిన కేర్ వర్కర్లు కుటుంబమును వెంట తీసికొనిపోరాదని 2024 మార్చి 11 నుండి నియమించిరి. కెనడాలో 2025 జనవరి 21 నుండి సహచరుల అనుమతి పై తరగతి యుద్యోగుల కుటుంబములకును, కొన్ని ఎంచిన వృత్తుల వారికిని, కొన్ని ఉన్నతవిద్యల విద్యార్థుల కుటుంబములకును పరిమితమైనది. సింగపూరులో 2021 మే నుండి ఆశ్రితపత్రము గలవారు పని చేయుటకు సామాన్యముగా తమ పేరున వేఱుగా పని అనుమతి పొందవలెను. నేడు భార్య నర్సుగా పోగా వెంట పోవు భర్తలును మనలో గలరు. ఈ మాటలన్నియు వారికిని వర్తించును.

హక్కు వచ్చిన మాత్రమున మంచి జీతము రాదు. పట్టము ఆ దేశమున చెల్లవలెను. ఒక్క ఉదాహరణము చాలును. మన బాలికలు పలువురు నాలుగేండ్ల బి.ఫార్మసీ చదువుచున్నారు. అమెరికాలో ఫార్మసిస్టుగా అనుమతి కోరు పరదేశపట్టభద్రులు, 2003 జనవరి 1 నుండి పట్టము పొందినవారైన యెడల, కనీసము అయిదేండ్ల ఫార్మసీ విద్య గలవారై యుండవలెను. నాలుగేండ్ల పట్టముతో పోయినవారు ఆ పరీక్షకే కూర్చుండలేక, మందులషాపులో సహాయకురాలి పనికి పరిమితులగుచున్నారు. ఆరేండ్ల ఫార్మ్.డి. చదివినవారికి ఆ యడ్డు లేదు. ఇంటరు ముగిసిన నాడు రెండేండ్ల ఖర్చునకు వెనుదీసి చేసిన నిర్ణయము పదేండ్ల పిమ్మట జీతమున తేలుచున్నది.

నర్సింగు చదివినవారు ఎన్‌క్లెక్స్ పరీక్షను భారతదేశమందే వ్రాయవచ్చును. వైద్యవిద్య చదివినవారు యు.ఎస్.ఎం.ఎల్.ఇ. మొదటి మెట్టు, రెండవ మెట్టు ఇచ్చటనే వ్రాయవచ్చును. అయినను అచ్చట రెసిడెన్సీ చేయక వైద్యము చేయుట సామాన్యముగా సాధ్యము గాదు. దంతవైద్యులు పెక్కుచోట్ల మరల కొన్నేండ్లు చదువవలెను. సాఫ్ట్‌వేరు పనికి ఇట్టి అనుమతి యేదియు లేదు గాని, అచ్చట విద్య త్వరగా పాతబడును. కావున వేచియుండు ఏండ్లలో చదువు మానరాదు.

చిన్నవిగా తోచుచు పెద్ద చిక్కులు తెచ్చు సంగతులు రెండు చెప్పెదను. మనవారి ఇంటిపేరు పదవతరగతి పత్రమున ఒక్క యక్షరముగా నుండును, పాస్‌పోర్టున సంపూర్ణముగా నుండును, వివాహానంతరము మఱియొకటి యగును. ప్రయాణమునకు ముందే వీనిని సరిపఱచుకొనవలెను. రెండవది: విశ్వవిద్యాలయము ముద్రవేసి యిచ్చు మార్కుల పత్రములను చాలినన్ని ప్రతులు ముందే తీసికొనవలెను. సముద్రముల కావల నుండి వీనిని తెప్పించుట ఎంత కష్టమో అనుభవించినవారికే తెలియును.

వేచియుండలేక కొందఱు చేతికి రొక్కమిచ్చు పనులలో చేరుచున్నారు. అందు జీతము తక్కువ. మోసపోయినను ఫిర్యాదు చేయుటకు జంకుదురు. అన్నింటికంటె, అనుమతి లేని పని వెల్లడియైన నాడు రేపటి శాశ్వతనివాసమునకే ముప్పు వచ్చును. నెలకు కొన్ని వందల డాలర్లకై జీవితకాలపు సంపాదనను పణమొడ్డరాదు. ధర్మసంస్థలలో నిజమైన స్వచ్ఛందసేవ చేయవచ్చును. జీతమిచ్చి చేయించు పనిని ఉచితముగా చేయుట మాత్రము సేవ క్రింద రాదు.

మఱియొక మాట చెప్పక తప్పదు. హెచ్-4 హోదా వివాహముతో ముడిపడినది. ఇంట హింస జరిగినను బిడ్డ నోరు మెదపకుండుటకు ఇదియొక కారణము. హింసకు గురియైన అట్టి భార్యలు తమంతట పని అనుమతి కోరుటకు ఆ దేశపు చట్టమున ప్రత్యేకావకాశము కలదు. ఈ సంగతి ప్రతి తల్లియు కుమార్తెకు చెప్పి పంపవలెను.

పోషకమహాశయులారా! నా విన్నపములు మూడు. మన వివాహవేదికలో వరుని వివరములతో పాటు వీసా తరగతియు, ఐ-140 స్థితియు వ్రాయు గడిని చేర్పుడు. విద్యానిధిలో కొంత భాగమును నర్సింగు, వైద్యము, ఫార్మసీ చదివిన స్త్రీల పరీక్షరుసుములకు అప్పుగా నిండు. జీతము వచ్చిన పిమ్మట వారు తిరిగి చెల్లింతురు, మఱియొక సోదరికి అది యుపయోగపడును. పరదేశములందు ఇప్పటికే స్థిరపడిన మన సోదరీమణులు ఏ వృత్తిలో ఎట్లు ప్రవేశించిరో తెలుపు పట్టికను వారి యనుమతితో సిద్ధపఱచి, ప్రతి సంవత్సరమును సరిచూచి ప్రకటింపుడు. నిబంధనలు మారుచుండును గనుక ఈ సరిచూపు ఎన్నడును మానరాదు.

మన పెద్దలు ఆడబిడ్డకు సారె పెట్టి పంపిరి. నేటి సారెలో చెల్లుబాటగు పట్టమును, సరియైన పత్రములును, హక్కులనెఱిగిన మనస్సును చేర్చి పంపుదము.