ఘంటసాల వెనుక బాలు నడిచిన దారి
(ఘంటసాల స్మారకోపన్యాసం)



ఘంటసాల వెంకటేశ్వరరావుగారి పేరిట జరిగే సభలో ఆయన పాట గొప్పతనాన్ని మీకు చెప్పబోవడం సాహసమే. అందుకని ఆయనను దైవంగా కొలిచిన మరో గాయకుడి గురించి మాట్లాడతాను. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంగారికి ఘంటసాల మీద ఉన్న భక్తి జగమెరిగినదే. అంత భక్తి ఉండీ ఆయన రెండో ఘంటసాల ఎందుకు కాలేదు? ఈనాటి నా ప్రసంగం దాని మీదే.

ముందు ఘంటసాలగారి సంగతే చూద్దాం. విజయనగరంలో మధూకరం ఎత్తుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర శాస్త్రీయ సంగీతం నేర్చారు. ఆ విద్యను కచేరీకే అట్టిపెట్టుకోకుండా సినిమాకు తెచ్చారు. అప్పటి నాటకాల్లో పద్యమంటే రాగం తీయడమే. ఆ రాగంలో మాట ఒక్కోసారి మునిగిపోయేది. ఘంటసాల రాగాన్ని కుదించి, పద్యాన్ని అర్థం ఉన్నచోట విరిచి పాడారు. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ అక్షరం రానివాళ్ల నోళ్లలో కూడా నానిందంటే అందుకే. గురువు దగ్గర నేర్చిన విద్యను ఆయన సినిమాకు తగినట్టు మలుచుకున్నారు.

1966 డిసెంబరులో ‘శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న’కు బాలు తొలిపాట పాడేనాటికి తెలుగు సినిమాలో కథానాయకుడి గొంతంటే ఘంటసాలదే. 1969లో వచ్చిన ‘ఏకవీర’లో ‘ప్రతిరాత్రి వసంతరాత్రి’ని ఇద్దరూ కలిసి పాడారు. ఇంటికి వెళ్లాక మళ్లీ వినండి. పెద్దాయన గొంతు నిండుగా, గంభీరంగా ఉంటుంది. కుర్రవాడి గొంతు లేతగా ఉంటుంది. ఆ గాంభీర్యాన్ని అరువు తెచ్చుకోవాలన్న తాపత్రయం అందులో వినపడదు. అక్షరం పలకడంలో శ్రద్ధ మాత్రం ఇద్దరిదీ ఒకటే.

1974 ఫిబ్రవరి 11న ఘంటసాల కన్నుమూశారు. రామారావు, నాగేశ్వరరావు తెరమీద కనిపిస్తే ఆ గొంతే వినడానికి జనం అలవాటుపడి ఉన్నారు. బాలు అనుకరణలో దిట్ట. ఘంటసాల ఛాయలు తెచ్చుకోవడం ఆయనకు కష్టం కాదు. అయినా ఆ దారి పట్టకుండా ఆయన నటుడి వైపు చూశారు. ఆ నటుడు మాట్లాడే తీరును, ఊపును పాటలోకి తెచ్చారు. రామారావుకు ఒకలా, నాగేశ్వరరావుకు ఇంకోలా పాడిన ఘంటసాల పద్ధతే ఇది. బాలు దాన్ని హాస్యనటుల దాకా తీసుకెళ్లారు.

1980లో శాస్త్రీయ సంగీతం నిండిన ‘శంకరాభరణం’ సినిమా విడుదలైంది. బాలు శాస్త్రీయ సంగీతం క్రమంగా నేర్చుకున్నవారు కాదు. స్వరకర్త మహదేవన్‌గారి సహాయకులు పుహళేంది దగ్గర ఆ పాటలు సాధన చేసి పాడారు, జాతీయ పురస్కారం అందుకున్నారు. ‘శివశంకరీ’ పాడిన ఘంటసాలకు ఉన్న పునాది తనకు లేదని తెలుసు గనుక, తనకు ఉన్న బలం మీద, అంటే పాత్రలో లీనం కావడం మీద ఆధారపడ్డారు.

1996లో మొదలైన టీవీ కార్యక్రమం ‘పాడుతా తీయగా’లో పిల్లలకు ఆయన చెప్పినదీ ఇదే: కవి ఎవరో, స్వరకర్త ఎవరో, మాటకు అర్థమేమిటో తెలుసుకుని పాడమని. ఇప్పుడు పిల్లలు బాలు నవ్వును కూడా యథాతథంగా దించేస్తున్నారు. తప్పులేదు, అనుకరణ లేకుండా ఏ విద్యా మొదలుకాదు. అయితే అక్కడే ఉండిపోకండి. ఘంటసాల ఒకచోట గమకం ఎందుకు వేశారో, మరోచోట ఎందుకు వేయకుండా వదిలేశారో ఆలోచించండి. ఆ కారణం పట్టుబడితే, మీ గొంతుకు తగిన మార్పు చేసుకునే స్వేచ్ఛ మీకు వస్తుంది. ఆ మార్పు ఘంటసాలగారికి అపచారమేమీ కాదు. ఆయన తన గురువుగారి విద్యతో చేసినదీ అదే.