ఎం.ఐ.ఎస్ పేపర్ అర్థం కావట్లేదా? తిరుమల క్యూలో నిలబడి చూద్దాం రండి

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా మన తిరుపతి, చిత్తూరు వైపు బీబీఏ, బీకాం కంప్యూటర్స్ చదివే పిల్లోళ్ళ కోసం. మిగతావాళ్ళు స్కిప్ చేయొద్దు, మీక్కూడా పనికొస్తుంది.

చాలామంది అడుగుతా ఉన్నారు. "అన్నా, మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అసలు బుర్రకెక్కట్లేదు, డెఫినిషన్లు బట్టీ కొట్టి రాసేస్తా ఉన్నాం. ఇది కామర్సా, కంప్యూటరా?" అని. నేను బీటెక్ చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి వచ్చినోణ్ణి కాబట్టి కంప్యూటరే అంటాననుకుంటారు. కాదు. ఇది నిర్ణయాల సబ్జెక్ట్. ఎవరు ఏ నిర్ణయం తీసుకోవాలి, దానికి వాళ్ళకి ఏ సమాచారం కావాలి, అది టైమ్‌కి చేరిందా లేదా. మొత్తం పేపర్ ఇంతే. కంప్యూటర్ ఇందులో ఒక పనిముట్టు, అంతకుమించి ఏం లేదు.

పుస్తకాల్లో ఎగ్జాంపుల్ అంటే వాల్‌మార్ట్, అమెజాన్. మనలో ఎంతమంది వాల్‌మార్ట్ చూశారు చెప్పండి? మనకి కొండ ఉంది కదా. రోజుకి సుమారు 60, 70 వేల మంది వచ్చిపోయే చోటు. ఇంతకన్నా పెద్ద ఎగ్జాంపుల్ ఎక్కడ వెతుకుతారు?

రోజూ పొద్దున్నే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ వస్తుంది, గుర్తుందా? నిన్న శ్రీవారిని దర్శించుకున్నవారు ఇంతమంది, తలనీలాలు ఇచ్చినవారు ఇంతమంది, హుండీ కానుకలు ఇంత, కంపార్ట్‌మెంట్లు ఎన్ని నిండాయి, టోకెన్ లేనివాళ్ళ సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతుంది. అయిదు లైన్లు. మీ పుస్తకంలో "రిపోర్ట్" అని నాలుగు పేజీలు రాసింది దీని గురించే. అందులో ఒక్కో లైను ఒక్కొక్కరికి పనికొస్తుంది. "31 కంపార్ట్‌మెంట్లు నిండాయి, క్యూ బయటికి వచ్చింది" అని చూడగానే మా ఇంట్లో అయితే ప్రయాణం వారం వాయిదా పడుతుంది. అదే లైను అన్నప్రసాదం చూసేవాళ్ళకి ఇంకో అర్థం: క్యూలో కూర్చున్నవాళ్ళకి పాలు, ఉప్మా ఎంత పంపాలి అని. డేటాకీ ఇన్ఫర్మేషన్‌కీ తేడా రాయమని రెండు మార్కుల ప్రశ్న వస్తుంది కదా, ఇదే ఆ తేడా. అంకె డేటా. ఆ అంకె చూసి ఒక మనిషి ఏదో ఒకటి చేస్తే, అది ఇన్ఫర్మేషన్.

ఇప్పుడు ఆ పిరమిడ్ బొమ్మ. కింద ట్రాన్సాక్షన్ ప్రాసెసింగ్ సిస్టమ్, మధ్యలో ఎం.ఐ.ఎస్, పైన డెసిషన్ సపోర్టు, ఎగ్జిక్యూటివ్ సిస్టమ్స్. విష్ణునివాసంలోనో శ్రీనివాసంలోనో భూదేవి కాంప్లెక్స్‌లోనో ఆధార్ చూపించి స్లాట్ టోకెన్ తీసుకున్నారనుకోండి. ఆ టోకెన్ ఒక ట్రాన్సాక్షన్. పిరమిడ్‌లో అడుగు మెట్టు. ఏ గంటకి ఎన్ని టోకెన్లు ఇచ్చారు, అందులో ఎంతమంది నిజంగా వచ్చారు అని కలిపి ఒక సూపర్‌వైజర్ ముందు పెడితే మధ్య మెట్టు. వచ్చే నెల 300 రూపాయల టికెట్లు ఎన్ని పెట్టాలి, ఉచిత స్లాట్లు ఎన్ని పెట్టాలి అని పైవాళ్ళు ఆలోచిస్తే అది పై మెట్టు. డేటా ఒక్కటే. పైకి పోయేకొద్దీ అంకెలు తగ్గుతాయి, నిర్ణయం పెద్దదవుతుంది.

ఇంకో విషయం చెప్తే లెక్చరర్లకి కోపం వస్తుందేమో. ఎం.ఐ.ఎస్‌కి కంప్యూటర్ తప్పనిసరి కాదు. లడ్డూకి "దిట్టం" అని ఒకటుంది, విన్నారా? ఒక దిట్టం అంటే 5,100 లడ్డూలు. దానికి శనగపిండి ఇంత, నెయ్యి ఇంత, చక్కెర ఇంత, జీడిపప్పు ఇంత అని లెక్క కట్టి రాసిపెట్టింది. ఫ్యాక్టరీల్లో దీన్నే బిల్ ఆఫ్ మెటీరియల్స్ అంటారు, దాని కోసం కోట్లు పెట్టి ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ కొంటారు. రేపు జనం ఎక్కువ అని తెలిస్తే ఎన్ని దిట్టాలు పెంచాలో చెప్తే చాలు, నెయ్యి ఎన్ని కిలోలు అని పోటులో ఎవరూ కొత్తగా లెక్కేసుకోనక్కర్లేదు. పరీక్షలో ఇది రాయండి, పేపర్ దిద్దేవాళ్ళకి నిద్ర వదిలిపోతుంది.

సరే, ఇప్పటిదాకా ఈజీగా ఉంది. ఇక్కణ్ణించి కొంచెం సీరియస్.

పుస్తకంలో సిస్టమ్‌కి అయిదు భాగాలు అని ఉంటుంది. హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్, డేటా, ప్రొసీజర్లు, మనుషులు. అందరూ మొదటి రెండూ బాగా రాస్తారు, చివరి రెండింటికీ ఒక్కో లైను రాసి వదిలేస్తారు. కంపెనీల్లో కూడా అంతే, నేను చూశాను. సర్వర్ గురించి మూడు గంటల మీటింగ్, దాన్ని వాడే మనిషి గురించి మూడు నిమిషాలు.

2025 జనవరి 8 మనం ఎవరం మర్చిపోలేం. జనవరి 10, 11, 12 తేదీల వైకుంఠ ద్వార దర్శనానికి 1,20,000 టోకెన్లు తిరుపతిలో కౌంటర్ల దగ్గర ఇస్తామన్నారు. ఇవ్వడం మొదలయ్యేది 9వ తేదీ పొద్దున 5 గంటలకి. జనం 8వ తేదీకే వచ్చేశారు. బైరాగిపట్టెడ దగ్గర వచ్చినవాళ్ళని పార్కులో ఉంచారు. రాత్రి తొక్కిసలాట జరిగింది. ఆరుగురు చనిపోయారు. ఒంట్లో బాగాలేని ఒకరిని బయటికి తీసుకెళ్ళడానికి గేటు తెరిచారని, టోకెన్లు ఇవ్వడం మొదలైందనుకుని జనం ఒక్కసారిగా తోసుకొచ్చారని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఎవరి బాధ్యత ఎంత అనేది తేల్చడానికి ప్రభుత్వం న్యాయ విచారణ వేసింది, అందులోకి నేను పోను.

నేను ఎం.ఐ.ఎస్ స్టూడెంట్ కళ్ళతో ఒక్క విషయం మాత్రం చెప్తా. టోకెన్ చేతికొచ్చిన క్షణం నుంచి మీరు సిస్టమ్‌లో ఉంటారు. మీ పేరు, మీ టైమ్, మీ స్లాట్ అన్నీ ఎక్కుతాయి. టోకెన్ కోసం రోడ్డు మీద నిలబడ్డ మనిషి ఆ లెక్కలో లేడు. సరిగ్గా అక్కడే ప్రాణాలు పోయాయి. ఇంకోవైపు చూడండి. ఆ చీకట్లో గంటలకొద్దీ నిలబడినవాళ్ళకి మన వంతు వస్తుందా రాదా అని తెలియడానికి కంటికి కనిపించే గుర్తు ఒక్కటే, గేటు. గేటు తెరిస్తే మొదలైనట్టు. ఆ గేటు వేరే పని మీద తెరిచినా వాళ్ళకి అందిన సమాచారం మాత్రం "మొదలైంది" అనే. వాళ్ళని తోసుకొచ్చారని తిట్టడం సులభం. వాళ్ళ చేతిలో ఉన్న సమాచారంతో మనమైనా అదే చేసేవాళ్ళం.

ఆ తర్వాతి సారి, అంటే 2025 డిసెంబర్ 30న మొదలైన వైకుంఠ ద్వార దర్శనానికి, మొదటి మూడు రోజుల టోకెన్లు ఆన్‌లైన్‌లో ఈ-డిప్ పద్ధతిలో ఇచ్చారు. ముందే పేరు నమోదు చేసుకోవాలి, లాటరీలో వస్తే వచ్చినట్టు. రోడ్డు మీద క్యూ లేదు, మంచిదే. నా లెక్కలో ఇది సాఫ్ట్‌వేర్ మార్పు కన్నా ప్రొసీజర్ మార్పు. కానీ ఫోన్ వాడటం రాని మా పక్కింటి అవ్వ లాంటోళ్ళు ఇప్పుడు ఎవరో ఒకరిని బతిమాలుకోవాలి. ఒకచోట బరువు తీస్తే ఇంకోచోట పడుతుంది. ఈ ముక్క రాసేవాడికే ఎస్సే ప్రశ్నలో మార్కులు పడతాయి.

ఇంకో చిన్న మాట. రసెల్ ఆకాఫ్ అని అమెరికాలో ఒక ప్రొఫెసర్, 1967లోనే ఒక వ్యాసం రాశాడు. మేనేజర్ల సమస్య సమాచారం చాలకపోవడం అని అందరూ అంటారు, నిజానికి అక్కర్లేని సమాచారం ఎక్కువైపోవడమే అసలు తలనొప్పి అన్నాడు. వ్యాసానికి పేరేమో "మేనేజ్‌మెంట్ మిస్‌ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్". వాట్సాప్ పుట్టకముందే వాట్సాప్ గురించి చెప్పాడు మహానుభావుడు.

ఇక ప్రాజెక్ట్ సంగతి. "అన్నా, ఏ టాపిక్ తీసుకోవాలి" అనేవాళ్ళకి: నెట్‌లో అమెజాన్ కేస్ స్టడీ కాపీ కొట్టొద్దు. మన జిల్లాలో చాలా ఊళ్ళలో పాల కేంద్రం ఉంటుంది. పొద్దున్నే పోయి ఒక గంట నిలబడండి. పాలు పోస్తారు, మిషన్ ఫ్యాట్ చూస్తుంది, స్లిప్ వస్తుంది. ఆ స్లిప్పులో ఏముంది, ఆ అంకెలు డెయిరీకి ఎలా పోతాయి, బిల్లు ఎన్ని రోజులకొకసారి వస్తుంది, అన్నీ రాసుకోండి. తర్వాత పాలు పోసే అమ్మనొకామెని అడగండి: "అమ్మా, ఫ్యాట్ తగ్గిందని స్లిప్పులో వస్తే నువ్వేం చేస్తావు?" అని. "మేత మారుస్తా" అంటే ఆ సిస్టమ్ ఆమెకీ పనిచేస్తున్నట్టు. "నాకేం తెలుసు నాయనా, వాళ్ళు ఎంతిస్తే అంత" అంటే, మీ ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో ఎక్కువ పేజీలు దాని మీదే రాయండి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో డేటాబేస్ చూద్దాం, ఈసారి చిత్తూరు మామిడి మండీ నుంచి. ఉంటా మరి, బాయ్.