లోతు నీటిలో గాలపు వేట



వరి గురించీ, చెరకు గురించీ చెప్పవలసిన మనిషి ఈ వేళ సముద్రంలో గాలం వేయడం గురించి చెప్తాడేమిటని మీలో కొందరికి తోచవచ్చు. నిజమే. నేను చదివినది వ్యవసాయ డిప్లొమా, చేపల శాస్త్రం కాదు. అయితే నేను పని చేసే ప్రాంతంలో పొలం గట్టు దిగితే సరుగుడు తోట, తోట దాటితే ఇసుక, ఇసుక దాటితే సముద్రం. కోతలు, నూర్పులు అయి ధాన్యం ఇల్లు చేరిన తరువాత మా రైతు కుర్రవాళ్ళు కొందరు ఆదివారం పూట పక్క పల్లె మత్స్యకారులతో పడవెక్కి గాలపు వేటకు వెళ్ళడం అలవాటు చేసుకొన్నారు. అమ్మకానికి కాదు. వేడుకకూ, ఇంటికి నాలుగు మంచి కూరచేపలు తెచ్చుకోడానికీ. మంచిదే. కాని కిందటి ఏడు ఒకరికి చెయ్యి తెగింది. ఇంకొక ఇంట్లో తెచ్చిన చేప తిని ఐదుగురు ఆస్పత్రికి వెళ్ళారు. ఆ తెగిన చెయ్యి నాదే. అందుచేత ఈ సంగతి చెప్పే హక్కు నాకు కొంత ఉన్నదనుకొంటాను.

ముందు సామాను చూద్దాం. చెరువులో వేసే గాలానికి కర్ర ఉంటుంది, బెండు ఉంటుంది. లోతు నీటి గాలానికి రెండూ ఉండవు. గట్టి నైలాను తాడు ఒకటి, దాని కొసకు సీసపు గుండు. గుండుకు పైన మూరెడు మూరెడు ఎడంలో మూడు నాలుగు చిన్న కొమ్మ తాళ్ళు, ఒక్కొక్క దానికి ఒక గాలం. ఇంతే. తాడును చెక్క చట్రానికి చుట్టి ఉంచుతారు. లోతును బారల్లో లెక్కిస్తారు. రెండు చేతులూ చాచిన పొడవు బార, అంటే సుమారు ఆరడుగులు. మేము వెళ్ళిన చోట నలభై బారల లోతు ఉన్నది. ఆస్ట్రేలియాలో వేడుకకు వెళ్ళేవారు ఇదే పద్ధతిలో మూడు వందల మీటర్లు దాటిన లోతున బ్లూ ఐ ట్రెవల్లా అనే చేపను పడతారు. అంత లోతునుంచి చేత్తో లాగలేక బ్యాటరీతో తిరిగే రీలు పెట్టుకొంటారు. మనకు ఆ ఖర్చు అక్కరలేదు.

గుండు నేలను తాకినప్పుడు తాడు ఒక్కసారి వదులవుతుంది. అప్పుడు ఒకటి రెండు బారలు పైకి లాగి పట్టుకోవలెను. నేలమీదే వదిలేస్తే గాలం రాళ్ళలో చిక్కుకుంటుంది. సామాను పోతుంది, తెగిన తాడు సముద్రంలో మిగిలిపోతుంది. ఎరగా కవ్వళ్ళు గాని, కానాగంతల ముక్క గాని, స్క్విడ్డు గాని పెడతారు. స్క్విడ్డు ముక్క గట్టిది, చిన్న చేపలు పొడిచినా తొందరగా ఊడిపోదు.

గాలాలు రెండు రకాలు. ఒకటి మనమెరిగిన జె అక్షరం ఆకారంలోది. రెండవది కొస లోపలికి వంగి గుండ్రంగా ఉండేది. ఈ గుండ్రని గాలం వాడండని నా సలహా. దీనిని చేప మింగినా గొంతులో దిగకుండా ఎక్కువగా మూతి మూలన పట్టుకుంటుంది. ఒక్కటే మెలకువ, చేప పట్టగానే గభాలున గుంజకూడదు. నిదానంగా బిగువుగా లాగుతూ ఉంటే గాలం దానంతట అదే దిగుతుంది. మా కుర్రవాళ్ళకు ఇది అలవడడానికి నాలుగు ఆదివారాలు పట్టింది.

ఇక చోటు. సముద్రమంతా నీళ్ళే గదా, ఎక్కడ వేస్తే నేమనుకోకండి. కూరకు పేరుపడ్డ అడుగు చేపలు, అంటే పెద్ద నోటి గ్రూపరు, ఎర్రని స్నాపరు వంటివి, రాళ్ళున్న చోటనే ఉంటాయి. చుట్టూ బురద నేల, మధ్యలో ఒక రాతి దిబ్బ, అక్కడే చేప. ఆ దిబ్బను మత్స్యకారులు కనుక్కునే తీరు చూస్తే మన సర్వేయరు గుర్తుకు వస్తాడు. ఒడ్డున దగ్గరగా ఉన్న తాటితోపును, వెనక దూరాన ఉన్న కొండ కొమ్మును ఒక్క వరుసలోకి తెచ్చుకుంటారు. అది ఒక గీత. ఇంకొక పక్కన గుడి గోపురాన్ని, దాని వెనక మరో కొండను వరుస చేస్తారు. అది రెండో గీత. రెండు గీతలూ కలిసిన చోట కింద రాయి ఉంటుంది. ఈ రోజుల్లో జి.పి.ఎస్. యంత్రాలు వచ్చినా, మా పడవ పెద్దాయన ఆ యంత్రం చూసుకుని, మళ్ళీ ఒకసారి కొండవైపు చూసి గాని లంగరు వేయడు.

నా చెయ్యి సంగతి చెప్తానన్నాను. మొదటిసారి వెళ్ళినప్పుడు తాడు జారుతున్నదని అరచేతికి రెండు చుట్లు చుట్టుకున్నాను. పెద్దాయన చూసి, "సేతికి సుట్టకు బాబూ, కిందున్నది సిన్నదో పెద్దదో నీకేటి తెల్సు?" అన్నాడు. అలాగే తాతా అన్నాను గాని, చుట్టు తియ్యలేదు. సగం తాడు పైకి వచ్చేసరికి నడినీటిలో ఏదో పెద్దది అందుకుంది. నేను పడవ అంచుమీదికి వెళ్ళిపోయాను. నైలాను తాడు కత్తిలా దిగింది. పెద్దాయన చేతిలో కత్తి సిద్ధంగా ఉంది గనుక తాడు కోసేశాడు. నాకు ఆరు కుట్లు పడ్డాయి. అదేమి చేపో ఇప్పటికీ తెలియదు. ఆయన మాత్రం దారి పొడుగునా నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

నాకు అంతటితో పోయింది. 2025 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడకకు చెందిన మత్స్యకారుడొకరు, గాలానికి పడిన కొమ్ముకోనాం లాగివేయగా సముద్రంలో పడి గల్లంతయ్యాడు. పుట్టినప్పటి నుంచీ సముద్రాన్ని ఎరిగిన మనిషి ఆయన. ఆదివారం వేటకు వెళ్ళే మనమెంత? కాబట్టి తాడును చేతికి గాని, నడుముకు గాని, కాలికి గాని చుట్టకూడదు. లాగిన తాడు కాళ్ళ దగ్గర కుప్పగా పడి ఉండకూడదు, బుట్టలో వేసుకోవలెను. చేతులకు గట్టి గుడ్డ తొడుగులుండాలి. పదునైన కత్తి ఒకటి అందరికీ తెలిసిన చోట, అందేటట్లు ఉండాలి. తాడు పోతే కొనుక్కోవచ్చు. గాలం చర్మంలో ముల్లు దాటి దిగితే వెనక్కి పీకకండి, కండ చీరుకుపోతుంది. కదలకుండా కట్టి డాక్టరు దగ్గరకు తీసుకురండి. ధనుర్వాతానికి సూది వేయించండి.

ఒక విషయం రైతులకు సులువుగా అర్థమవుతుంది, అది విత్తనం సంగతి. గ్రూపరు జాతిలో చాలా రకాలు మొదట ఆడవిగా పెరిగి, పెద్దవైన తరువాత వాటిలో కొన్ని మగవిగా మారుతాయి. ఒక దిబ్బమీద పెద్ద చేపలన్నిటినీ ఏరుకుపోతే అక్కడ మగవి మిగలవు. పైగా ఇవి మెల్లగా పెరిగే చేపలు. పోనీ, పట్టి చిన్నవి వదిలేద్దామంటే లోతు నీటిలో అది సాగదు. నలభై బారల కింద ఉన్న ఒత్తిడి నుంచి ఒక్కసారి పైకి రాగానే దాని పొట్టలోని గాలితిత్తి ఉబ్బుతుంది. కళ్ళు బయటికి పొడుచుకు వస్తాయి, కడుపు నోట్లోకి వస్తుంది. వదిలినా కిందికి పోలేక నీటిమీదే తేలుతుంది, పక్షులు పొడుచుకు తింటాయి. అందుచేత చిన్న గాలం కట్టకండి. ఇంటికి సరిపడా పడగానే తాడు చుట్టేయండి. ఇక్కడ కుర్రవాళ్ళతో నాకు ఇంకా తగవే. "ఇంకొక్కటి సార్" అంటారు. ఆ ఒక్కటి ఎప్పుడూ ఒక్కటిగా ఉండదు. తాబేలు గాని గాలానికి తగిలితే పైకి ఈడ్చకుండా, తాడును వీలైనంత దగ్గరగా కోసి వదిలేయాలి. తాబేలును పట్టడం చట్టప్రకారం నేరం.

ఇప్పుడు ఆస్పత్రికి వెళ్ళిన ఐదుగురి కథ. వారు తెచ్చినది సూర, అంటే ట్యూనా. తెల్లవారుజామున పడితే, పదకొండు గంటల వరకు పడవలో గోనెసంచి కింద ఉంది. మంచు లేదు. ఇంటికి తెచ్చి బాగా పులుసు పెట్టారు. తిన్న అరగంటలో ముఖాలు ఎర్రబడ్డాయి, తలనొప్పి, దురద, వాంతులు. కుళ్ళిన చేప కాదండీ, వాసన కూడా రాలేదని ఆ ఇంటి ఇల్లాలు మొత్తుకుంది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. సూర, కానాగంతల వంటి చేపలు వేడికి ఉంటే వాటి కండలో సూక్ష్మజీవుల వల్ల హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. వాసన తెలియకపోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఎంత ఉడికించినా, ఎంత వేయించినా అది పోదు. చింతపండు, మిరపకారం దాన్నేమీ చేయలేవు. తినేటప్పుడు నాలుక చురుక్కుమంటే వెంటనే మానేయండి, తిన్నవారిని ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

విరుగుడు ఒకటే, చేప పడిన నిమిషం నుంచి చల్లదనం. చేప పైకి రాగానే మొప్పల దగ్గర కోసి నెత్తురు కార్చాలి. పొట్ట, మొప్పలు తీసి సముద్రపు నీటితోనే కడగాలి. తరువాత మంచుపెట్టెలో పెట్టాలి. కిలో చేపకు కిలో మంచు అని లెక్క వేసుకోండి. పలకలుగా ఉన్న మంచును నలగ్గొట్టి, దానికి కొంచెం సముద్రపు నీరు కలిపితే ఆ జావలో చేప నాలుగు వైపులా మునిగి త్వరగా చల్లబడుతుంది. మంచుకు డబ్బు దండగ అనే పెద్దలు మా ఊళ్ళో ఉండేవారు. ఐదుగురు ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ మాట వినపడడం లేదు.

వాతావరణం గురించి రెండు మాటలు. గాలి, అలల సూచనలు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ప్రతిరోజూ ఇస్తుంది. మత్స్యకారుల సెల్‌ఫోన్లకు అవి వస్తాయి. ముందురోజు సాయంత్రం అడిగి తెలుసుకోండి. పడవ పెద్ద వద్దన్న రోజున వద్దు, మీరు ఎంత దూరం నుంచి వచ్చినా సరే. ఒక్కొక్కరికీ తేలుచొక్కా ఉండాలి, అది ఒంటిమీద ఉండాలి, మూల పెట్టినది లెక్కలోకి రాదు. సముద్రంలో ఆపద వస్తే తీరరక్షక దళానికి 1554 నంబరు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజను పడవల వేటకు నిషేధం. మనది వేడుక గదా అని ఆ రోజుల్లో మత్స్యకారుణ్ణి పడవ తీయమని బలవంతపెట్టకండి. కేసు పడితే నష్టపోయేది ఆయన.

వచ్చే ఆదివారం వెళ్ళేవారు శనివారం సాయంత్రమే మంచు తెచ్చి ఊకలో కప్పి ఉంచుకోండి. పడవ మూడు గంటలకే దిగుతుంది, మంచు దుకాణం ఆరింటికి గాని తెరవరు.