ఖాళీగా వదిలిన విల్లు



ఎట్టయాపురం, కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల్లో ఉంటున్న మన తెలుగువారికి బాణం లేని విల్లు కొత్తేమీ కాదు. గుడి తిరునాళ్ళలో విల్లుపాట వినే ఉంటారు. పెద్ద విల్లుకు గంటలు కట్టి, దాన్ని కుండమీద ఆనించి, నారిని కోలలతో కొడుతూ కథ చెబుతారు. ఆ విల్లుకు ఎన్నడూ బాణం తొడగరు. అయినా దానికేమీ కాదు. ఎందుకంటే ఆ నారిని కొడతారే తప్ప వెనక్కి లాగి వదలరు.

ఈనాడు మనం చెప్పుకోబోయే విల్లు అలాంటిది కాదు. ఇది చివర్లలో చక్రాలుండే కాంపౌండ్ విల్లు. అమెరికాలోని మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ దీనికి 1966లో పేటెంటు కోరగా, 1969లో లభించింది. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో, 2023లో, మూడు బంగారు పతకాలు గెలిచింది ఈ విల్లుతోనే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్ల పోటీకి కూడా చోటిచ్చారు. కాబట్టి ఈ విల్లు పట్టాలనే పిల్లలు ఇకమీదట పెరుగుతారే గాని తగ్గరు.

ఒక ఇంట్లో ఇలాంటి విల్లు ఉందనుకోండి. పండక్కి వచ్చిన మేనమామ చూస్తాడు. "ఏదిరా అబ్బాయ్, ఒక్కసారి లాగనీ" అంటాడు. లాగుతాడు. పట్టు తప్పుతుంది. టప్పుమని పెద్ద చప్పుడు. విల్లు చేతిలోనే ఉంది, చూడ్డానికి ఏమీ కాలేదు. "గట్టిదేరా!" అని నవ్వేసి, నిజంగా బాగుందో లేదో చూద్దామని మళ్ళీ లాగబోతాడు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

కారణం వినండి. పోటీల్లో వాడే కాంపౌండ్ విల్లు లాగుడు బరువు 60 పౌన్ల దాకా, అంటే సుమారు 27 కిలోల దాకా ఉండవచ్చు. లాగినప్పుడు మన కండబలమంతా వంగిన రెక్కల్లో నిలవ ఉంటుంది. వీటిని లింబులంటారు. నారి వదలగానే ఆ శక్తిలో ఎక్కువ భాగాన్ని బాణం పట్టుకుపోతుంది. బాణమే లేకపోతే పట్టుకుపోయేవారెవరు? ఆ దెబ్బంతా లింబులకు, క్యాములనే చక్రాలకు, వాటి ఇరుసులకు, నారికి, కేబుళ్ళకు తగులుతుంది. విల్లు అప్పటికప్పుడే విరిగితే మనకు తెలుస్తుంది. వెంట్రుకంత బీట పడి ఊరుకుంటే తెలియదు. తర్వాత ఎప్పుడో పూర్తిగా లాగినప్పుడు, ఆ బీట మన ముఖానికి ఎదురుగానే విచ్చుకుంటుంది. పోయేది విల్లు ఒక్కటే కాదు, కన్ను కూడా పోవచ్చు.

అందుచేత మొదటి మాట: మళ్ళీ లాగవద్దు. ముందు మనిషిని చూడండి. చేతులు, ముఖం, కళ్ళు బాగున్నాయా? తర్వాత విల్లును బల్లమీద మెల్లగా పడుకోబెట్టండి.

రెండవది నారి, కేబుళ్ళు. అవి క్యాము గాడిలోనే ఉన్నాయా? గాడి తప్పి ఉంటే చేత్తో గాని స్క్రూడ్రైవర్‌తో గాని లోపలికి నెట్టకండి. దానికి బో ప్రెస్ అనే సాధనం కావాలి. గాడిలోనే ఉంటే, పోగులు తెగాయేమో, పైన చుట్టిన దారం విడిందేమో, బాణం తొడిగే చోట ఉండే డి-లూప్ జరిగిందేమో చూడండి.

మూడవది లింబులు. వట్టి వేళ్ళతో తడమకండి, గాజునార ముళ్ళు గుచ్చుకుంటాయి. ఒక దూది ఉండ తీసుకుని, లింబు అంచుల వెంట, ముందూ వెనకా నిదానంగా నడిపించండి. దూది పీచు ఎక్కడ తగులుకుందో అక్కడ పెచ్చు లేచిందన్నమాట. మంచి వెలుతురులో తెల్లటి గీత గాని, పొరలు విడిన జాడ గాని కనిపిస్తుందేమో వెతకండి. పైన రెండు, కింద రెండుగా చీలిన లింబులుంటే నాలుగింటినీ చూడాలి. ఇరుసు దూరే కొన దగ్గర, మధ్య చట్రంలోకి దిగే మొదలు దగ్గర మరీ శ్రద్ధగా చూడండి.

నాలుగవది క్యాములు. వెనక నిలబడి నారి వెంట చూపు సాగించండి. క్యాము మునుపటికంటే పక్కకు ఒరిగిందా? అంచు నొక్కుకుందా? ఇరుసు వంగిందా? ఇరుసు చివరి క్లిప్పులు ఊడిపోయాయా? మధ్యనున్న రైజర్‌మీద, లింబు బోల్టుల చుట్టూ బీటలున్నాయేమో కూడా చూడండి.

అయిదవది టేపు కొలత. ఒక ఇరుసు నుంచి రెండో ఇరుసుకు దూరం, పట్టు నుంచి నారికి దూరం కొలిచి, విల్లుతో వచ్చిన పుస్తకంలోని అంకెలతో పోల్చండి. తేడా ఉంటే ఏదో వంగింది, లేదా ఏదో జరిగింది.

ఏ దోషమూ కనపడకపోయినా సరే, పని తెలిసిన మనిషికి చూపించేదాకా ఆ విల్లు ఎత్తకండి. జరిగింది దాచకుండా చెప్పండి. వైద్యుడి దగ్గర దాచిన జబ్బు ఎలాంటిదో ఇదీ అలాంటిదే. బీటపడిన లింబును జిగురుతో అతికించే ఆలోచన మాత్రం చేయకండి. దాన్ని మార్చవలసిందే.

రాకుండా చూసుకోవడం ఇంకా మేలు. బాణం తోక నారిమీద టిక్కుమని కూర్చోవాలి. పగిలిన తోక ఉన్న బాణం పారేయండి. మరీ తేలిక బాణం కూడా ఖాళీగా వదిలినంత చేటు చేస్తుంది. లాగుడు బరువు పౌనుకు 5 గ్రెయిన్లకు తగ్గకూడదని చాలామంది తయారీదారులు చెబుతారు. అంటే 60 పౌన్ల విల్లుకు 300 గ్రెయిన్లు, సుమారు 19 గ్రాములు. లాగేటప్పుడు రిలీజ్ మీట మీద వేలు పెట్టవద్దు.

ఇక చుట్టాలు ముచ్చటపడి అడిగితే, విల్లు చూపించండి, పట్టుకోనివ్వండి, లాగనివ్వకండి. మేనమామకు కోపం వస్తే రెండు రోజుల్లో పోతుంది. పోయిన కన్ను తిరిగి రాదు.

సెలవు.