ఆందోళనకు మాత్ర: నిర్ణయం ఎవరిది?

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీలు, మానసిక ఆరోగ్యం అనే అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఇది చాలా పెద్ద అంశం. అందుకని నేను ఒక చిన్న వస్తువును పట్టుకుని మాట్లాడతాను. అది ఒక మాత్ర. దాని పేరు ఎసిటాలోప్రామ్. రోజుకు పది మిల్లీగ్రాములు చొప్పున వేసుకోమని మా డాక్టరు నాకు రాసిచ్చి అయిదు వారాలయింది. వేసుకోవాలా వద్దా అన్నది తేల్చుకోవటానికి నాకు ఈ అయిదు వారాలూ పట్టాయి. వ్యక్తిగతమైనది కూడా రాజకీయమే అని మనం ఎన్నో సభల్లో చెప్పాం. కాబట్టి నా ఆలోచన నడిచిన దారిని మీ ముందు పెట్టటంలో నాకు సంకోచం లేదు.

నాకు నలభై ఆరేళ్ళు. రెండేళ్ళుగా తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమటలు పడతాయి. ఫోను మోగితే ఎవరికేమయిందో అని గాభరా. పరిశోధన కోసం ఇరవై ఏళ్ళుగా పల్లెలు తిరిగినదాన్ని, ఇప్పుడు బస్సెక్కాలంటే కడుపులో తిప్పుతుంది. ఆరు నెలల్లో మూడు ఊళ్ళకు వెళ్ళవలసి వుండగా ఒక్క ఊరికీ వెళ్ళలేదు. కారణం లేదా అంటే, వుంది. మంచాన పడ్డ తల్లి, కాంట్రాక్టు పద్ధతి మీద నడిచే ఉద్యోగం, ఇల్లు. అయితే కారణాలన్నీ సర్దుకున్న రోజున కూడా దడ సర్దుకోవటం లేదు. ఈ సంగతి నాకు ముఖ్యమనిపించింది.

ఊళ్ళలో స్త్రీలు దీన్ని 'ఆందోళన' అనరు. గుండె దడ, గుబులు, ఒంట్లో మంటలు, తల దిమ్ము, నరాల బలహీనత అంటారు. నరాల డాక్టరు దగ్గరికి వెళతారు, బలం సూది వేయించుకుంటారు, బి-కాంప్లెక్సు మాత్రలతో తిరిగి వస్తారు. మన భాషలో ఆందోళన అనే మాటకు రెండర్థాలున్నాయి. ఆందోళన పడటం ఒకటి, ఆందోళన చెయ్యటం ఇంకొకటి. మొదటిది స్త్రీల స్వభావమనీ, రెండోది స్త్రీలకు తగదనీ ఈ సమాజం నేర్పింది. మందుల చరిత్ర కూడా ఈ రెండింటి మధ్యనే నడిచింది.

ఆ చరిత్ర కొంచెం చెపుతాను. 1952లో న్యూయార్కులోని ఒక క్షయ ఆసుపత్రిలో ఇప్రోనియాజిడ్ అనే మందు ఇచ్చినప్పుడు రోగుల్లో అనుకోకుండా హుషారు పెరిగింది. డిప్రెషన్ మందుల కథ అక్కడ మొదలయింది. 1963లో వేలియం పేరుతో డయజిపామ్ వచ్చింది. 'ఇంటి పనితో అలసిన గృహిణి' బొమ్మలు వేసి ఆ తరహా మందుల్ని డాక్టర్లకు ప్రచారం చేశారు. పాశ్చాత్య దేశాల్లో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే వాటిని ఎక్కువగా వాడారు. చాకిరీ మారలేదు, గృహిణి మాత్రం నిశ్శబ్దమయింది. డెబ్బయిల్లో అక్కడి స్త్రీవాదులు దీన్ని ప్రశ్నించారు, న్యాయంగానే ప్రశ్నించారు.

మన దగ్గర ఆ పాత్రను అల్ప్రాజోలామ్ పోషించింది. నిద్ర పట్టటం లేదన్న స్త్రీకి ఇప్పటికీ చాలామంది చీటీ మీద రాసేది అదే. వారాల తరబడి వాడితే శరీరం దానికి అలవాటు పడుతుంది. తెలంగాణ జిల్లాల్లో ఇదే మందును కల్తీ కల్లులో కలిపారని మనందరికీ తెలుసు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఎంతోమంది వణుకుతో, మూర్ఛలతో ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్ళలో కూలి చేసుకునే స్త్రీలూ వున్నారు. 'ఏదో మాత్ర వేసుకో, పడుకో' అనే సలహా ఎంత దూరం తీసుకుపోతుందో చెప్పటానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఎసిటాలోప్రామ్ ఆ తరగతి మందు కాదు. ఇది 1987లో అమెరికాలో అనుమతి పొందిన ఫ్లూక్సెటిన్ కుటుంబానికి చెందింది. డిప్రెషన్‌కీ ఆందోళనకీ రెండింటికీ ఇస్తారు. వేసుకున్న గంటలో మత్తు రాదు. గుణం కనిపించటానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం పది రోజుల్లో వికారం, తలనొప్పి, నిద్ర తేడా రావచ్చు, దడ కాస్త పెరగనూ వచ్చు. ఈ చివరి మాట డాక్టర్లు చెప్పకపోవటం వల్ల చాలామంది మూడో రోజునే మానేస్తారు. లైంగిక ఆసక్తి తగ్గటం మామూలుగా కనిపించే దుష్ఫలితమే అయినా, పెళ్ళయి పిల్లలున్న స్త్రీకి ఆ సంగతి చెప్పవలసిన అవసరం డాక్టర్లకు తోచదు. ఆమెకు ఆ ఆసక్తి వుంటుందని అనుకోకపోవటమే దానికి కారణం.

ఇది పనిచేస్తుందా? 2019లో లాన్సెట్ పత్రిక ఆందోళన రుగ్మత మందుల మీద 89 పరీక్షల్ని, 25,441 మంది రోగుల్ని కలిపి విశ్లేషించింది. ఉత్తుత్తి మాత్రకంటే బాగా పనిచేసి, రోగులు కూడా తట్టుకోగలిగిన మందుల్లో ఎసిటాలోప్రామ్ ఒకటని తేలింది. అద్భుతమేమీ కాదు. కొందరికి బాగా పనిచేస్తుంది, కొందరికి కొంత, కొందరికి అసలు పనిచెయ్యదు. 'మెదడులో సెరటోనిన్ తక్కువయింది, దాన్ని భర్తీ చేస్తాం' అనే మాట మాత్రం నమ్మనక్కర్లేదు. డిప్రెషన్‌కు అదే కారణమనటానికి నిలకడైన ఆధారాలు లేవని 2022లో వచ్చిన ఒక విస్తృత సమీక్ష చెప్పింది. అంతమాత్రాన మందు పనిచెయ్యదనీ కాదు. పారాసిటమాల్‌తో తలనొప్పి తగ్గితే, తలలో పారాసిటమాల్ తక్కువయిందని అనం గదా!

మందు లేకుండా మార్గం లేదా? వుంది. ఆలోచనా ధోరణుల మీద పనిచేసే కౌన్సిలింగ్‌కు మంచి ఆధారాలున్నాయి. 2022 నవంబరులో అమెరికా నుంచి వెలువడిన ఒక అధ్యయనంలో 276 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఎసిటాలోప్రామ్ ఇచ్చారు, మరో జట్టుకు ధ్యాన శిక్షణ ఇచ్చారు. ఎనిమిది వారాల తర్వాత రెండు జట్లలోనూ ఆందోళన దాదాపు సమానంగా తగ్గింది. చదివి సంతోషించాను. తర్వాత వివరాలు చూశాను. వారానికి రెండున్నర గంటల తరగతి, ఇంటి దగ్గర రోజూ ముప్పావుగంట అభ్యాసం. మన ఇళ్ళలో ఏ స్త్రీకి రోజూ ముప్పావుగంట తనదంటూ వుంది? మాత్రకు గుక్కెడు నీళ్ళు చాలు. పేద స్త్రీలకు మాత్ర, తీరిక వున్నవాళ్ళకు కౌన్సిలింగ్ అనే విభజన ఇలా తయారవుతుంది. మనం పోరాడవలసిన చోటు ఇది.

నా సందేహానికి ఇంకో కారణం వుంది. ఎనిమిదేళ్ళ క్రితం వేరొక డాక్టరు నాకు పారాక్సెటిన్ ఇచ్చారు. ఏడాది వాడాను, నయమయింది. 'తగ్గింది గదా, రేపటి నుంచి మానెయ్యండి' అన్నారాయన. మానిన మూడోరోజు నుంచి కళ్ళు తిరగటం, తలలో కరెంటు షాకు కొట్టినట్టుండటం, ఊరికే ఏడుపు రావటం. వెళ్ళి చెపితే 'మీ పాత జబ్బే తిరగబెట్టింది' అన్నారు. అది పాత జబ్బు కాదు. మందు ఒక్కసారిగా ఆపితే వచ్చే లక్షణాలవి. పారాక్సెటిన్ విషయంలో మరీ ఎక్కువ. 2024లో 20 వేల మందికి పైగా రోగుల సమాచారాన్ని పరిశీలించిన ఒక విశ్లేషణ ప్రకారం, ఈ మందులు మానిన ప్రతి ఆరేడుగురిలో ఒకరికి మందు ఆపటం వల్లనే అలాంటి బాధలు కలుగుతున్నాయి. నా శరీరం చెప్పిన మాటను డాక్టరు నమ్మకపోవటం ఆ బాధకంటే ఎక్కువ కష్టపెట్టింది.

అందుకని ఈసారి చీటీ తీసుకుని వచ్చేసి, ముందు రక్తపరీక్షలు చేయించాను. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా గుండె దడ వస్తుంది. రక్తహీనతలోనూ వస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత వుంది. ముట్లు ఆగిపోయే వయసులో నిద్రలేమి, దడ, ఆవిర్లు మామూలే. వీటిని చూడకుండా 'మనసు జబ్బు' అనటం ఎంత తప్పో, అన్నిటినీ 'వయసు' అని కొట్టిపారెయ్యటమూ అంతే తప్పు. నా పరీక్షల్లో తేడా ఏమీ కనపడలేదు.

తర్వాత ప్రశ్నలు రాసుకుని మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మీ కౌన్సిలింగ్ కేంద్రాల్లో పనికొస్తాయని చెపుతున్నాను. ఈ మందు దేనికిస్తున్నారు, ఇవ్వకపోతే ఏమవుతుంది? తక్కువ మోతాదుతో మొదలుపెట్టవచ్చా? ఎన్ని వారాలకు గుణం చూడాలి, కనపడకపోతే ఏం చేస్తారు? నేను వాడే వేరే మందులతో పడుతుందా? (ఐబుప్రొఫెన్, యాస్పిరిన్ లాంటి వాటితో కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.) గర్భం ధరించే ఆలోచన వున్నవాళ్ళు ఏం చెయ్యాలి? చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది: ఎప్పుడు మానాలి, ఎలా తగ్గించుకుంటూ మానాలి? పాతికేళ్ళలోపు అమ్మాయిలకయితే మరో ప్రశ్న కూడా అడగాలి. ఆ వయసులో కొందరికి మొదట్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే ప్రమాదం వుంది. మొదటి వారాల్లో ఎవరు కనిపెట్టి వుండాలో ముందే మాట్లాడుకోవాలి.

ఇవి అడగటం డాక్టర్ని అవమానించటం కాదు, మన హక్కు. 2018లో అమల్లోకి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షను ప్రకారం చికిత్స ఏమిటో, దాని దుష్ఫలితాలేమిటో రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. తెలుగు స్త్రీకి తెలుగులో చెప్పాలన్నమాట. వివరాలు గోప్యంగా వుంచాలి. రోగి తన వైద్య రికార్డులు అడిగి తీసుకోవచ్చు. సమాజపు నైతిక విలువలకు ఒదగలేదన్న కారణంతో ఎవరికీ మానసిక జబ్బు వుందని తేల్చకూడదని 3వ సెక్షను చెపుతోంది. మొగుడికి ఎదురు చెప్పిందని పిచ్చిదన్న ముద్ర వేసే దేశంలో ఆ వాక్యం విలువ మీకు వేరే చెప్పక్కర్లేదు.

ముద్ర అంటే గుర్తొచ్చింది. చాలామంది స్త్రీలు డాక్టరు చీటీని బియ్యం డబ్బాలో దాస్తారు. రేపు కోర్టులో ఆ చీటీ చూపించి విడాకులడుగుతాడనీ, పిల్లల్ని లాక్కుంటాడనీ భయం. హిందూ వివాహ చట్టంలో మానసిక రుగ్మత ఈనాటికీ విడాకులకు ఒక కారణమే. అయితే రుగ్మత పేరు చెపితే చాలదనీ, కలిసి జీవించటం సాధ్యం కానంత తీవ్రంగా వుందని నిరూపించాలనీ సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. 2013లో తెలుగు వైద్య దంపతుల కేసులో కూడా భార్యకు స్కిజోఫ్రేనియా వుందన్న కారణం మీద భర్తకు విడాకులివ్వటానికి నిరాకరించింది. ఆందోళనకు మాత్ర వేసుకున్నంత మాత్రాన ఏ స్త్రీ హక్కులూ పోవు. ఈ మాట మనం గట్టిగా, పదేపదే చెప్పాలి.

ఇక మన మధ్యనే వినపడే మాట. 'సమస్య సమాజంలో వుంటే మాత్ర నువ్వెందుకు మింగాలి? ఇది వ్యవస్థతో రాజీ కాదా?' అని ఒక మిత్రురాలు అడిగింది. గౌరవించవలసిన ప్రశ్నే. నేనిచ్చిన జవాబు ఇది. బీడీలు చుట్టి నడుం పడిపోయిన స్త్రీకి నొప్పి మాత్ర ఇవ్వొద్దని మనం అనం. మాత్ర ఇచ్చి, కూలి రేటు కోసం ధర్నాకు కూడా రమ్మంటాం. మనసు నొప్పి దగ్గరికి వచ్చేసరికి మాత్రం స్త్రీ భరించి చూపించాలా? స్త్రీల సహనాన్ని కీర్తించే పాత పాట ఇది, పల్లవి మాత్రమే కొత్తది. నేను వేసుకునే ప్రశ్న వేరు. ఈ మందు నన్ను నోరుమూయించటానికా, నా పనిలోకి నన్ను తిరిగి తీసుకురావటానికా? వేసుకోమంటున్నది నా కష్టం చూడలేని ఇంట్లోవాళ్ళా, లేక నేనేనా? మాత్రతోపాటు ఇంటిచాకిరీలో, నిద్రలో, పనిగంటల్లో ఏమైనా మారుతోందా?

వీటికి జవాబులు దొరికాక మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాను. వచ్చే సోమవారం నుంచి వారంపాటు అయిదు మిల్లీగ్రాములు, తర్వాత పది. ఆరు వారాలకు డాక్టరుతో కలిసి సమీక్ష. నయమైతే తర్వాత ఎంత కాలం వాడాలో, నెలల మీద ఎలా తగ్గించాలో ఇప్పుడే కాగితం మీద రాయించుకున్నాను. వారానికోసారి కౌన్సిలింగ్. అమ్మ పని మా తమ్ముడితో వంతులు వేసుకున్నాను. ఈ చివరిది సాధించటానికి మందు చీటీకంటే ఎక్కువ మాట్లాడవలసి వచ్చింది! పనిచెయ్యకపోతే మానటానికి కూడా సిద్ధమే. ఇది నా నిర్ణయం. మీలో ఒకరు ఇవే సంగతులు విని వేసుకోకూడదని నిర్ణయించుకుంటే అదీ సరైనదే కావచ్చు.

కాని నాకు దొరికిన అయిదు వారాల వ్యవధి, చదువు, రక్తపరీక్షలకు డబ్బు ఎంతమందికి వున్నాయి? 2015-16లో నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. సర్వే జరిగిన చోట్ల ఆందోళన, డిప్రెషన్ లాంటి సమస్యలున్నవాళ్ళలో 80 శాతానికి పైగా చికిత్స అందనివాళ్ళే. ఎసిటాలోప్రామ్, ఫ్లూక్సెటిన్ రెండూ 2022 అత్యవసర మందుల జాతీయ జాబితాలో వున్నాయి. మీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, ఇవి వున్నాయా, ఇచ్చేవాళ్ళున్నారా, తెలుగులో వివరించేవాళ్ళున్నారా అని అడగండి. లేవంటే రాతపూర్వకంగా ఇమ్మనండి. ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలిమానస్ ఫోను నంబరు 14416ను మీ కేంద్రం గోడ మీద రాయండి. మందు వాడుతున్న స్త్రీ ఎవరైనా మీ దగ్గరికి వస్తే, హఠాత్తుగా మానెయ్యవద్దని ముందు చెప్పండి. తర్వాత ఆమె ఇంట్లో ఏం జరుగుతోందో అడగండి. హింస వుంటే మాత్రతో ఆగిపోకండి.

ఆందోళన పడుతున్న స్త్రీకి వైద్యం అందాలి. ఆందోళన చెయ్యటానికి వున్న కారణాలు వైద్యంతో పోవు. ఈ రెండు పనుల్లో ఏదో ఒకటి ఎంచుకోమని మనల్ని ఎవరూ అడగలేదు. రెండూ చేద్దాం.

మీ ప్రశ్నలూ, అభ్యంతరాలూ వినటానికి సిద్ధంగా వున్నాను.