మా తరగతి ఆడపిల్లలంతా ఎక్కడున్నారు?

(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల చివరి రోజున చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నన్ను 'స్త్రీలు - సామూహిక జీవితం' అన్న అంశం మీద మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే చదివిన పుస్తకాలకన్నా ముందు, ఆరు నెలలుగా మేం నలుగురు స్నేహితురాళ్ళం పడుతున్న తంటా గుర్తొచ్చింది. మా హైస్కూల్లో చదివిన ఆడపిల్లలందర్నీ ఒక్క పూట ఒకచోట కూర్చోబెట్టాలని చూస్తున్నాం. ఆర్భాటం లేకుండా, తక్కువ ఖర్చుతో. వినడానికి చాలా చిన్న పని. ఇవాళ దాని గురించే చెబుతాను.

మాది నల్లగొండ జిల్లాలో ఒక మండల కేంద్రం. అక్కడి ప్రభుత్వ హైస్కూల్లో ఆడా మగా కలిసి చదివాం. 1997లో పదో తరగతి పరీక్షలు రాశాం. పాతికేళ్ళు నిండాయని 2022లో మా తరగతి మగవాళ్ళు 'పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం' జరిపారు. ఇలాంటివి మీరూ చూసే ఉంటారు. ఫంక్షన్ హాలు, ఊరి మొదట్లో ఫ్లెక్సీ, టీచర్లకు శాలువాలు, అందరికీ మెమెంటోలు, చీకటి పడ్డాక డీజే. మనిషికి మూడు వేలు చందా. అంతకు మించి ఇచ్చినవాళ్ళ పేర్లు ఫ్లెక్సీ మీద పెద్దక్షరాల్లో. పదో తరగతి రాసిన ఇరవై ఒక్కమంది ఆడపిల్లల్లో ఆ రోజు వచ్చింది ఐదుగురం. ఐదుగురమూ ఉద్యోగస్థులమే. ఒక మిత్రుడు మైకు తీసుకుని, మన ఆడపిల్లలకు చిన్ననాటి స్నేహాల మీద అంత ఆసక్తి ఉండదు, పెళ్ళయ్యాక వాళ్ళ లోకం వాళ్ళది అన్నాడు. అందరూ నవ్వారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేనూ నవ్వాను.

రాని పదహారు మంది సంగతేమిటని ఆ తర్వాత వెతకడం మొదలుపెట్టాం. మగవాళ్ళ ఫోను నంబర్లన్నీ పది రోజుల్లో దొరికాయట. దొరక్కేం? తండ్రి ఇంట్లోనే ఉంటారు, లేదా అక్కడ అడిగితే చెబుతారు. ఆడపిల్లకు ఊరు మారింది, ఇంటిపేరు మారింది. కొందరికి అత్తవారింట్లో పెట్టిన కొత్త పేరు. పుట్టింటికెళ్ళి అడిగితే అన్నదమ్ములు అనుమానంగా చూస్తారు. ఒకాయన నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, "ఎందుకు మేడం దాని నంబరు? సంతకాలు గింతకాలు ఏమన్న ఉన్నయా?" అని అడిగాడు. ఆడపిల్లలకు ఆస్తిలో సమాన హక్కు ఇస్తూ మన రాష్ట్రంలో 1986లోనే చట్టం చేశారు. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు అది వర్తించలేదు. దేశమంతటికీ 2005లో వచ్చింది. అది ఎంతవరకు అమలయిందో మనకు తెలుసు. కానీ చెల్లెలి ఫోను నంబరు అడిగితే అన్నకు ఆ చట్టం గుర్తొచ్చిందంటే, అంతమాత్రం పనిచేస్తున్నట్టే అనుకున్నాను. చివరికి మాకు దారి చూపించింది తల్లులు, ఆశా వర్కర్లు, పొదుపు సంఘాల లీడర్లు.

ఈ వెతుకులాటలో ఒక స్నేహితురాలు అడిగిన ప్రశ్న మా లెక్కనంతా తారుమారు చేసింది. "పదోది రాసినోళ్ళే మనోళ్ళా? నడుమల పోయినోళ్ళు కారా?" అంది. ప్రధానోపాధ్యాయురాలిని బతిమాలి 1992 నాటి అడ్మిషన్ రిజిస్టరు చూశాం. ఆరో తరగతిలో మేం ముప్ఫై ఎనిమిది మందిమి. పదో తరగతికి ఇరవై ఒక్కమంది మిగిలాం. పదిహేడు మంది ఎక్కడికి పోయారు? కొందరు ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష తప్పి ఆగిపోయారు. కొందర్ని పెద్దమనిషి కాగానే మానిపించారు. ఎక్కువమందికి పెళ్ళిళ్ళు చేశారు. ఆడపిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండాలన్న చట్టం 1978 నుంచే ఉంది. అయినా 1998-99 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ వయసు స్త్రీలలో సగానికి పైగా పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు. 2019-21 సర్వేలో కూడా తెలంగాణలో అది దాదాపు నాలుగో వంతు. ఈ అంకెలు నేను ఎన్నో సెమినార్లలో చదివాను. అందులో నా పక్క బెంచీ పిల్ల ఉందని ఏనాడూ అనుకోలేదు.

కాబట్టి ఆరో తరగతి రిజిస్టరునే పిలుపుల జాబితాగా తీసుకున్నాం. అప్పటి నుంచి డబ్బు గురించి, రోజు గురించి, తిండి గురించి మా ఆలోచనలన్నీ మారిపోయాయి.

ముందు రోజు సంగతి. ఆదివారం అందరికీ సెలవు కదా అన్నాను. మిగతా ముగ్గురూ నా మీద విరుచుకుపడ్డారు. ఆదివారం మగవాళ్ళూ పిల్లలూ ఇంట్లో ఉంటారు, కోడికూర వండాలి, వారం బట్టలు ఉతకాలి. ఆడదానికి అన్నిటికన్నా ఖాళీ లేని రోజు అదే. (మన సంఘాల మీటింగులన్నీ ఏ రోజున పెడుతున్నామో కాస్త గుర్తు చేసుకోండి.) మామూలు రోజుల్లో బడి ఖాళీ ఉండదు. చివరకు రెండో శనివారం అనుకున్నాం. పత్తి ఏరే రోజులూ, నాట్ల రోజులూ తప్పించి ఫిబ్రవరిలో. పదకొండు నుంచి మూడున్నర వరకు. బర్రెలు పితికే వేళకు ఇల్లు చేరాలి. అయినా కూలికి పోయేవాళ్ళకు ఆ రోజు కూలి పోతుంది. దానికి మా దగ్గర జవాబు లేదు.

తిండి దగ్గర నేను పెద్ద పొరపాటు చేశాను. మా చిన్నప్పుడు బళ్ళో వండిన మధ్యాహ్న భోజనం లేదు. అది 2003లో మొదలైంది, అదీ ప్రాథమిక పాఠశాలల్లో. మేం నాలుగైదు మైళ్ళు నడిచి, సద్ది తెచ్చుకుని వేపచెట్టు కింద తినేవాళ్ళం. ఖర్చుండదు, పాత రోజులూ గుర్తొస్తాయి, అందరం డబ్బాలు తెచ్చుకుని పంచుకుందామన్నాను. మా నలుగురిలో ఒకామె మాదిగ వాడ నుంచి వచ్చి చదువుకున్న మనిషి, ఇప్పుడు అంగన్‌వాడీ టీచరు. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అప్పుడు నా డబ్బా ఎవ్వరూ ముట్టలే. నేను చెట్టుకు ఆ పక్కన కూసుండి తినేదాన్ని. నీకు యాదికి లేదు" అంది. నిజంగానే నాకు గుర్తు లేదు. వేపచెట్టు మాత్రం గుర్తుంది. సమాజశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్న మనిషికి ఏది గుర్తుండి ఏది మరుపుకొచ్చిందో చూడండి.

డబ్బాల మాట అక్కడితో వదిలేశాం. ఇప్పుడు ఆ బళ్ళోనే భోజనం వండే ఇద్దరు స్త్రీల చేత వండిస్తాం. అన్నం, పప్పు, వంకాయ కూర, పెరుగు. ఒకే గిన్నె, ఒకే బంతి. ఎవరెవరి పక్కన కూర్చోవాలో వాళ్ళిష్టం కాదు, రిజిస్టరు వరస. వండేవాళ్ళకు తలా ఎనిమిది వందలు. మన సమ్మేళనం చవకగా జరగడానికి ఇంకో ఆడదాని చాకిరీ ఉచితంగా తీసుకోకూడదు గదా. నలభై మందికి సరుకులు మూడు వేలు, టీకి, పల్లీలకు ఆరు వందలు, బస్సు రాని ఊళ్ళకు ఆటోలకు ఎనిమిది వందలు. అంతా కలిపి ఆరు వేలు. అక్కడ ఇద్దరు మనుషుల చందా ఎంతో, ఇక్కడ అందరి ఖర్చూ అంతే. చందా లేదు. మూలన ఒక డబ్బా పెడతాం. ఎవరెంత వేశారో, అసలు వేశారో లేదో ఎవరూ చూడరు. తగ్గితే ఉద్యోగాలున్నవాళ్ళం భరిస్తాం, ఆ మాట పైకి రాకుండా.

2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు బస్సుల్లో జీరో టికెట్ వచ్చాక చాలామందికి రావడానికి ధైర్యం వచ్చింది. మొగుణ్ణి డబ్బులడగక్కర్లేదు అంటే సగం అనుమతి దొరికినట్టే. మాచర్ల వైపు ఇచ్చిన ఆమెకు మాత్రం ఇక్కడి జీరో టికెట్ చెల్లదు. ఆమె టికెట్ డబ్బులు కూడా లెక్కలో వేసుకోవాలని మొన్ననే తోచింది.

పట్టుచీరలు, నగలు వద్దని ముందే కబురు పెట్టాం. దానికీ గొడవే. "ఏడాదికొక్కసారి బయటకొస్తా, ఉన్న ఒక్క మంచి చీర కట్టుకోవద్దా?" అని ఒకామె నిలదీసింది. సరే, కట్టుకో అన్నాం. నియమాలు పెట్టే సరదా మనకూ తక్కువేం కాదు. ఫొటోలు మాత్రం అడక్కుండా తీయకూడదని గట్టిగా అనుకున్నాం. ఇంట్లో చెప్పకుండా వచ్చేవాళ్ళున్నారు, భర్తకు దూరంగా ఉంటున్నవాళ్ళున్నారు. మీ ఆయనేం చేస్తాడు, పిల్లలెందరు అని మొదలెట్టకూడదని కూడా అనుకున్నాం. నేను వాళ్ళ అనుభవాలు రికార్డు చేద్దామని ఆశపడ్డాను. "ఫోనుల రికార్డు పెడితే నేను రాను. నీ పుస్తకంల ఎక్కనీకి రావాల్నా?" అని ఒకామె తేల్చి చెప్పేసింది. మానుకున్నాను.

ఆ రోజు కార్యక్రమం ఒక్కటే, హాజరు పిలవడం. పుట్టింటి ఇంటిపేరుతో పిలుద్దామంటే, "అదీ నాయిన పేరే గదా, మనదెట్లయితది?" అంది అంగన్‌వాడీ స్నేహితురాలు. అందుకని వట్టి పేరు, ఊరి పేరు.

ముప్ఫై ఎనిమిది మందిలో ఇప్పటికి ముప్ఫై ఒక్కరి జాడ దొరికింది. ఐదుగురి జాడ ఇంకా లేదు. ఇద్దరు లేరు. ఒకామె జబ్బు చేసి పోయింది. ఇంకొకామె పెళ్ళయిన రెండో ఏడు పోయింది. స్టవ్ పేలిందన్నారు. అప్పుడు మాకు పద్దెనిమిదేళ్ళు, ఎవరమూ ఏమీ అడగలేదు. హాజరులో వాళ్ళ పేర్లు పిలవాలా వద్దా అన్నది మా నలుగురి మధ్య ఇంకా తెగలేదు. ఎన్నేళ్ళకో కలుస్తున్నాం, ఆ రోజు ఏడుపెందుకని ఒకామె. పిలవకపోతే మళ్ళీ రిజిస్టరులోంచి కొట్టేసినట్టేనని ఇంకొకామె.

ఈలోగా ఆ రెండో అమ్మాయి తల్లికి ఎవరో చెప్పారు. పోయిన వారం మేం ఆ ఊరు వెళ్ళినప్పుడు ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి, "బిడ్డా, దాని జాగల నేనొస్తే ఏమన్న అంటరా?" అని అడిగింది. రమ్మన్నాం. బస్సు ఎన్నింటికని అడిగింది. పదింటికని చెప్పి వచ్చాం.