విశ్వం లెక్కలో తేలని తేడా

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను శాస్త్రవేత్తను కాను. సర్వీసంతా లెక్కలు రాసిన గుమాస్తాను. అందుకేనేమో, ఖగోళశాస్త్రంలో ఈనాడు తేలకుండా ఉన్న ఒక లెక్క నన్ను పట్టుకుంది.

గెలాక్సీలు ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా మననుంచి దూరమవుతున్నాయని 1929లో ఎడ్విన్ హబుల్ చూపాడు. అంటే విశ్వం వ్యాకోచిస్తోంది. ఎంత వేగంగా? పేచీ అక్కడే.

మొదటి లెక్క నక్షత్రాలది. సెఫీడ్లనే నక్షత్రాల వెలుగు క్రమం తప్పకుండా పెరిగి తగ్గుతూంటుంది. హార్వర్డ్ వేధశాలలో చిన్న జీతానికి ఫోటో పలకలు పరిశీలించే హెన్రియెటా లెవిట్ అనే ఉద్యోగిని 1912లో వాటి గుట్టు చెప్పింది. ఆ హెచ్చుతగ్గులకు ఎక్కువ రోజులు పట్టే నక్షత్రానికి అసలు వెలుగు ఎక్కువ. అది తెలిస్తే, మనకెంత మసకగా కనబడుతోందో చూసి దూరం కట్టవచ్చు. ఈ దారిన ఆడం రీస్ బృందం 2022లో తేల్చిన అంకె 73. అంటే ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు 73 కిలోమీటర్ల వేగం పెరుగుతుంది.

రెండో లెక్క విశ్వం బాల్యానిది. విశ్వం పుట్టిన సుమారు 3,80,000 సంవత్సరాలకు బయలుదేరిన కాంతి నేటికీ ఆకాశమంతటా మైక్రోతరంగాలుగా ఉంది. 2009లో ఎగిరిన ప్లాంక్ ఉపగ్రహం దాన్ని కొలిచింది. దాన్నిబట్టి 2018లో కట్టిన అంకె 67.4.

తేడా అయిదారే కదా అనకండి. మిగతా లెక్కలు మారకుంటే, నేడు 1380 కోట్ల సంవత్సరాలంటున్న విశ్వం వయసు పెద్ద అంకెతో దాదాపు వంద కోట్లు తగ్గిపోతుంది!

నేను కొత్తగా చేరిన రోజుల్లో ట్రెజరీ లెక్కకూ మా లెక్కకూ పద్ధెనిమిది రూపాయల తేడా వచ్చింది. జేబులోంచి వేసి సరిపెడతానన్నాను. మా హెడ్ గుమాస్తాగారు ఒప్పుకోలేదు. "తేడా చిన్నదే నాయనా, దాని వెనకున్నది చిన్నదని నీకెవరు చెప్పారు?" అన్నారు. మూడు రోజులు వెతికితే రెండు పెద్ద చలాన్లు తప్పు పద్దుల్లో దొరికాయి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. రెండూ కొట్టుకుపోగా మిగిలింది ఆ పద్ధెనిమిది.

ఖగోళ శాస్త్రజ్ఞులూ ఇప్పుడు ఆ పనే చేస్తున్నారు. పక్క నక్షత్రాల వెలుగు కలిసి సెఫీడ్ల కొలత తప్పిందేమోనని 2021లో ఎగిరిన జేమ్స్ వెబ్ టెలిస్కోపుతో మళ్ళీ చూశారు. పాత కొలతే నిలిచింది. వెండీ ఫ్రీడ్‌మన్ బృందానికి వేరే నక్షత్రాలను కూడా కలిపి చూస్తే 70 దరిదాపుల్లో వచ్చింది. కొలతలో దోషముందా, మనకు తెలియని భౌతికశాస్త్రముందా అన్నది ఇంకా తేలలేదు.

మూడో సాక్షి గురుత్వ తరంగాలు. 2017లో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు వచ్చిన తరంగాలనుబట్టి సుమారు 70 అని తేలింది. కాని దోషానికి చాలా చోటుంది గనుక పై రెండు అంకెలూ అందులో ఇమిడిపోతాయి. ఇలాంటి సంఘటనలు మరెన్నో పట్టుకోవాలి. అందుకు తోడ్పడే లైగో-ఇండియా కేంద్రానికి మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో 2023లో కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది.

అది పనిచేసే నాటికి నేనుంటానో లేదో. మన మనవలు, మనవరాళ్ళు ఉంటారు. లెక్క కుదరనప్పుడు సరిపెట్టకుండా వెతకడమే విజ్ఞానమని వారికి చెప్పండి. ఆ మాట చెప్పడానికి మనకు అర్హత ఉంది.